నెత్తికెక్కిన కళ్ళు

పొగరెక్కినవాణ్ణి చూసి "వీడికి కళ్ళు నెత్తికెక్కాయి" అంటారు మన పెద్దవాళ్ళు. తిట్టు సంగతి అలా ఉంచితే, కొన్ని దేశాల సైన్యాలు చాలా ఏళ్ళుగా నిజంగానే ఆ పని చేయడానికి తంటాలు పడుతున్నాయి. సైనికుడు తలకు పెట్టుకునే హెల్మెట్‌కే ఒక చిన్న తెర బిగించి, అతని కంటి ముందే దారి, శత్రువు ఉన్న చోటు, తుపాకి గురి, చీకట్లో కనబడని మనిషి ఆకారం అన్నీ చూపించాలని వాళ్ళ ప్రయత్నం. ఈ తెరల చరిత్రనే ఈ వ్యాసానికి తీసుకున్నాను.

చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, సంధులు మాత్రమే అనుకుంటాం. ఒక వస్తువుకీ చరిత్ర ఉంటుంది. అది ఎవరి అవసరం కోసం పుట్టింది, ఎవరికి ఉపయోగపడింది, ఎవరు వద్దన్నారు అని అడుగుతూ పోతే చాలా సంగతులు బయటపడతాయి. ఈ వస్తువు గురించి చదివాక నాకు అర్థమైంది ఇది: ఏ తెర నిలవాలో, ఏది మూలన పడాలో చివరికి తేల్చినవి మనిషి మెడా, మనిషి కన్నూ. దాన్నే వరుసగా చెబుతాను.

అవసరం ఎలా వచ్చింది?

యుద్ధవిమానం గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకోండి. లెక్క వేస్తే సెకనుకు 250 మీటర్లు. పైలట్ తల దించి, ఎదుట ఉన్న మీటర్లు చదివి, మళ్ళీ తలెత్తడానికి 2 సెకన్లు పట్టినా ఆపాటికి విమానం అర కిలోమీటరు దాటిపోయి ఉంటుంది. ఆ అర కిలోమీటరూ అతను బయటకు చూడలేదన్నమాట. నేల మీద నడిచే సైనికుడికి అంత వేగం లేదు గానీ, అతనిదీ ఇదే కష్టం. మ్యాపు చూస్తే ఎదురుగా ఉన్న గోడ కనబడదు, గోడ చూస్తే మ్యాపు కనబడదు. రెండూ ఒకేసారి కనబడాలంటే ఏం చేయాలి? ఈ ప్రశ్నలోంచే అంతా పుట్టింది.

అద్దం మీద వెలుగు చుక్క

ఐర్లాండులోని డబ్లిన్ నగరంలో హోవర్డ్ గ్రబ్ అని పెద్ద టెలిస్కోపులు తయారుచేసే ఆయన ఉండేవారు. 1900లో ఆయన తుపాకుల కోసం ఒక కొత్తరకం గురి అద్దానికి పేటెంటు తీసుకున్నారు. అది పనిచేసే తీరు మనందరికీ కొంత పరిచయమే. రాత్రిపూట బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే బస్సు లోపలి దీపం అద్దంలో కనబడుతుంది, అదే అద్దంలోంచి బయటి చెట్లూ కనబడతాయి. దీపం చెట్ల మధ్య వెలుగుతున్నట్టు అనిపిస్తుంది. గ్రబ్ చేసింది ఇలాంటిదే, కాకపోతే మధ్యలో ఒక కటకం పెట్టారు. దానివల్ల వెలుగు గుర్తు దగ్గరలో కాక ఎంతో దూరంలో, గురి పెట్టిన వస్తువు దగ్గరే ఉన్నట్టు కనబడుతుంది. అప్పుడు కన్ను ఒకసారి దగ్గరకి, ఒకసారి దూరానికి మారాల్సిన పని ఉండదు. ఈరోజు కోట్ల రూపాయల హెల్మెట్లలో ఉన్న మూలసూత్రం కూడా ఇదే. మొదటి ప్రపంచయుద్ధం చివర్లో జర్మన్లు ఇలాంటి అద్దాలను యుద్ధవిమానాల్లో వాడి చూశారు.

గురిని తలకే కట్టేద్దామని అనుకున్నవాడూ ఆ రోజుల్లోనే ఉన్నాడు. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రానికి చెందిన ఆల్బర్ట్ ప్రాట్‌కు 1916లో ఒక వింత పేటెంటు వచ్చింది. హెల్మెట్ మీదే తుపాకి ఉంటుంది. దాని గురి కడ్డీ కంటి ముందుకు వస్తుంది. తల ఎటు తిప్పితే తుపాకి అటు తిరుగుతుంది. పేల్చాలంటే నోట్లో పెట్టుకున్న గొట్టంలోకి ఊదాలి. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి కాబట్టి వేరే పని చేసుకోవచ్చట. అంతేకాదు, హెల్మెట్ తిరగేస్తే వంటగిన్నెగా కూడా పనికొస్తుందని రాసుకున్నాడు! చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. తుపాకి పేలితే వెనక్కి తన్నే దెబ్బ మెడ మీద పడుతుంది కదా అనిపించింది. ఏ సైన్యమూ దాన్ని తలకెత్తుకోలేదు. కానీ "ఎక్కడ చూస్తే అక్కడే గురి" అనే ఆశ మాత్రం చావలేదు.

పైకప్పుకు వేలాడిన హెల్మెట్

రెండో ప్రపంచయుద్ధం తర్వాత విమానాల్లో గురి అద్దం పెద్దదై, దాని మీద వేగం, ఎత్తు కూడా చూపించడం మొదలైంది. 1958లో మొదటిసారి ఎగిరిన బ్రిటిష్ బక్కనీర్ విమానం అలాంటి అద్దంతో వచ్చిన తొలి విమానాల్లో ఒకటి. ఇందులో ఒక లోటు ఉంది. అద్దం విమానానికి బిగించి ఉంటుంది కాబట్టి పైలట్ పక్కకు చూస్తే ఏమీ కనబడదు. శత్రువు పక్కన ఉంటే విమానాన్నే అటు తిప్పాలి.

తెర తలతోపాటు తిరగాలంటే తల ఎటు తిరిగిందో యంత్రానికి ఎప్పటికప్పుడు తెలియాలి. ఈ చిక్కు విప్పినవాళ్ళలో ముఖ్యుడు ఇవాన్ సదర్లాండ్. 1960లలో అమెరికాలోని బెల్ హెలికాప్టర్ కంపెనీ ఒక ప్రయోగం చేసింది. చీకట్లో దిగాల్సిన హెలికాప్టర్ కింద కెమెరా పెట్టి, అది చూసేది పైలట్ కంటి ముందున్న తెరలో చూపించడం. తల తిప్పితే కెమెరా తిరుగుతుంది. ఆ పరికరంతో జరిగిన ఒక పరీక్షను సదర్లాండ్ తర్వాత గుర్తుచేసుకున్నారు. కెమెరా మేడ మీద ఉంది, చూసే మనిషి లోపల గదిలో కూర్చున్నాడు. పైన ఇద్దరు బంతాట ఆడుతూ బంతిని కెమెరా వైపు విసిరారు. గదిలో ఉన్న మనిషి చటుక్కున తల వంచేశాడు! బంతి తనకు తగలదని అతనికి తెలుసు. అయినా కంటి ముందు కనబడినదాన్ని ఒళ్ళు నమ్మేసింది. ఈ చిన్న సంగతిని చదివేవాళ్ళు గుర్తుంచుకోవాలి, చివర్లో మళ్ళీ పని పడుతుంది.

కెమెరా బదులు కంప్యూటర్ గీసిన బొమ్మ పెడితే? సదర్లాండ్, ఆయన విద్యార్థి బాబ్ స్ప్రౌల్ హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో అదే చేసి 1968లో లోకానికి చెప్పారు. రెండు కళ్ళ దగ్గర రెండు బుల్లి పిక్చర్ ట్యూబులు, వాటిలో గీతలతో చేసిన ఘనం బొమ్మ. మనిషి చుట్టూ తిరిగితే ఆ ఘనం గదిలో నిజంగా వేలాడుతున్నట్టు దాని పక్కలు కనబడేవి. తల కదలికను కొలవడానికి పైకప్పు నుంచి ఒక లోహపు కడ్డీ దిగి హెల్మెట్‌కు తగులుకునేది. నెత్తి మీద వెంట్రుకకు వేలాడే కత్తి గురించి గ్రీకుల పాతకథ ఒకటుంది కదా, దాన్ని తలచుకుని ఆ కడ్డీకి "డమోక్లిస్ ఖడ్గం" అని ముద్దుపేరు పెట్టారు. ఈ పనికి డబ్బు ఇచ్చినవాళ్ళలో అమెరికా రక్షణ సంస్థలు ఉన్నాయి. ఇప్పుడు పిల్లలు ఆటలకు పెట్టుకునే వీ.ఆర్. కళ్ళద్దాలకు ముత్తాత ఇదే. ఆ సమయంలోనే ఒహాయో రాష్ట్రంలోని రైట్-ప్యాటర్సన్ వైమానిక స్థావరంలో టామ్ ఫర్నెస్ అనే ఇంజనీరు పైలట్ల కోసం ఇలాంటి హెల్మెట్ల మీద 1966 నుంచి 20 ఏళ్ళకు పైగా పనిచేశారు. 1989లో సైన్యం పని వదిలి, ఇదే విద్యను మామూలు జనానికి ఉపయోగపెట్టాలని సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ప్రయోగశాల పెట్టారు.

మిగ్-29 నేర్పిన పాఠం

1970లలో అమెరికా నౌకాదళం ఫాంటమ్ విమానాల పైలట్లకు హెల్మెట్ గురి అద్దాలు ఇచ్చింది. పైలట్ ఎటు చూస్తే క్షిపణి అటు చూడాలి. కానీ ఆనాటి క్షిపణులకు అంత పక్కకు తిరిగి వెళ్ళే సత్తా చాలలేదు. కన్ను పోయినంత దూరం చెయ్యి పోలేదన్నమాట. దాంతో ఆ అద్దాలు మెల్లగా పక్కకు తప్పుకున్నాయి.

సోవియట్ ఇంజనీర్లు ఈ రెంటినీ కలిపారు. 1980లలో వచ్చిన మిగ్-29 పైలట్ హెల్మెట్‌కు చాలా సాదా గురి అద్దం ఉండేది. దాని మీద ఒక వెలుగు గుర్తు, అంతే. అంకెలు లేవు, బొమ్మలు లేవు. దానికి జోడీగా ఆర్-73 క్షిపణి. విమానం ముక్కుకు దాదాపు 45 డిగ్రీల పక్కన ఉన్న లక్ష్యాన్ని కూడా పైలట్ కేవలం చూసి క్షిపణికి అప్పగించవచ్చు. పశ్చిమ దేశాలకు దీని దెబ్బ ఎంతటిదో వెంటనే అర్థం కాలేదు. 1990 అక్టోబరు 3న రెండు జర్మనీలు ఒక్కటయ్యాక తూర్పు జర్మనీ మిగ్-29లు ఉమ్మడి జర్మనీ చేతికి వచ్చాయి. వాటితో అమెరికన్ విమానాలు సాధన పోరాటాలు చేసినప్పుడు, దగ్గరి పోరులో ఆ సాదా అద్దం ఎంత ఇబ్బంది పెట్టిందో తెలిసింది. ఆ తర్వాతే అమెరికా తొందరపడి తన పైలట్లకు కొత్త హెల్మెట్లు చేయించుకుంది.

ఇక్కడ మన దేశం సంగతి కూడా చెప్పాలి. సోవియట్ కూటమికి బయట మిగ్-29ను మొదట తీసుకున్నది భారత వాయుసేనే, 1987లో. అంటే అమెరికన్లు ఆ పాఠం నేర్చుకోకముందే మన పైలట్లు అటువంటి విమానం నడుపుతున్నారన్నమాట.

రెండు కళ్ళు, రెండు లోకాలు

అమెరికా అపాచీ హెలికాప్టర్ 1980ల నడుమ సైన్యంలోకి వచ్చింది. దాని పైలట్ కుడికంటి ముందు రూపాయి బిళ్ళంత అద్దం ఒకటి ఉంటుంది. హెలికాప్టర్ ముక్కు దగ్గరున్న పరారుణ కెమెరా చీకట్లో వేడిని బట్టి చూసే దృశ్యం, దాని మీదే వేగం, ఎత్తు అంకెలు ఆ కంటికి కనబడతాయి. తల తిప్పితే కింద ఉన్న 30 మిల్లీమీటర్ల ఫిరంగి కూడా అటే తిరుగుతుంది. ప్రాట్ కల నిజమైంది. ఈసారి తుపాకి బరువు మాత్రం మెడ మీద లేదు, హెలికాప్టర్ మోస్తోంది.

అయితే ఎడమకన్నుకి చీకటి, లోపలి మీటర్ల వెలుగు కనబడుతుంటే, కుడికన్నుకి బయటి లోకం పగల్లా కనబడుతుంది. పైగా ఆ కెమెరా పైలట్ కన్ను ఉన్నచోట లేదు, ముందుకీ కిందకీ ఉంది. మెదడు రెండు దృశ్యాలను కలపలేక ఒకసారి దీన్ని, ఒకసారి దాన్ని ఎంచుకుంటుంది. రెండు కళ్ళు పోట్లాడుకుంటాయి. అమెరికా సైన్యపు వైద్య పరిశోధకులు అపాచీ పైలట్లను అడిగితే చాలామంది తలనొప్పి, కళ్ళ అలసట, చూపు మసకబారడం గురించి చెప్పారు. కానీ వాళ్ళు దాన్ని వదలలేదు. ఎందుకంటే ఆ అద్దం లేకపోతే రాత్రిపూట వాళ్ళు గుడ్డివాళ్ళతో సమానం. లాభం కష్టాన్ని మించింది కాబట్టి భరించారు. ఆ అపాచీలే 2019 సెప్టెంబరులో పఠాన్‌కోట్‌లో మన వాయుసేనలో చేరాయి.

మెడ చెప్పిన మాట

ఎఫ్-35 విమానంలో ఎదుటి గాజు అద్దమే తీసేశారు. చూడాల్సిందంతా హెల్మెట్ లోనే. విమానం చుట్టూ ఉన్న 6 పరారుణ కెమెరాల దృశ్యాలను కలిపి చూపిస్తారు కాబట్టి పైలట్ కిందకు చూస్తే తన కాళ్ళూ విమానం అడుగూ దాటి నేల కనబడుతుంది! ఒక్కో హెల్మెట్ ధర 4 లక్షల డాలర్ల దాకా అని లెక్క. బరువు సుమారు 2.3 కిలోలు.

ఆ 2.3 కిలోలు ఎంతో తెలుసుకుందామని ఇంట్లో ఒక పరీక్ష చేశాను. మా నాన్న బండి హెల్మెట్‌ని కిరాణా కొట్టులో తూకం వేయిస్తే కిలోంపావు దగ్గరగా వచ్చింది. దానికి ముందువైపు అర కిలో ఉప్పు ప్యాకెట్ తువ్వాలుతో కట్టి, పెట్టుకుని చదువుకోవడానికి కూర్చున్నాను. 20 నిమిషాలకే మెడ వెనక నరాలు లాగడం మొదలైంది. తర్వాత ఇంకో అర కిలో ప్యాకెట్ వెనకవైపు కట్టాను. బరువు పెరిగింది, కానీ లాగడం తగ్గింది! బరువు ఎంత అన్నదానికన్నా ఎక్కడ అన్నది ముఖ్యమని తెలిసింది. రాత్రి కళ్ళద్దాలు వాడే సైనికులు హెల్మెట్ వెనక బ్యాటరీ పెట్టెనో, సీసపు ముక్కలనో ఎందుకు తగిలించుకుంటారో అప్పుడు బోధపడింది.

నేను కుర్చీలో కూర్చున్నాను. యుద్ధవిమానం గట్టిగా మలుపు తిరిగినప్పుడు బరువు 9 రెట్లు అవుతుంది. 2.3 కిలోల హెల్మెట్ దాదాపు 21 కిలోలు. ఇంకా పెద్ద ప్రమాదం విమానం లోంచి సీటుతో సహా బయటకు ఎగరాల్సి వచ్చినప్పుడు. 2015లో పరీక్షల తర్వాత, 62 కిలోలకన్నా తక్కువ బరువున్న పైలట్లు ఎఫ్-35 నడపకూడదని ఆంక్ష పెట్టారు. వాళ్ళ మెడ ఆ దెబ్బకు విరిగే అపాయం ఉందని తేలింది. సీటులో మార్పులు చేసి, తేలిక హెల్మెట్ తయారుచేశాక 2017లో ఆ ఆంక్ష తీసేశారు. ప్రపంచంలోకెల్లా ఖరీదైన విమానాల్లో ఒకటి, మనిషి మెడ ఎముక ముందు తలొంచిందన్నమాట.

నడిచేవాడి కష్టం

పైలట్‌కు కరెంటు విమానం ఇస్తుంది, కంప్యూటర్‌ను విమానం మోస్తుంది. కాలినడకన పోయే సైనికుడు బ్యాటరీతో సహా అన్నీ తనే మోయాలి. అందుకే అసలు కష్టం ఇక్కడే మొదలైంది.

అమెరికా సైన్యం 1990లలో "ల్యాండ్ వారియర్" అనే పథకం పెట్టింది. హెల్మెట్‌కు వేలాడే చిన్న తెర, నడుముకు కంప్యూటర్, రేడియో, ఉపగ్రహాల ద్వారా తానున్న చోటు చెప్పే పరికరం, తుపాకికి కెమెరా. తుపాకిని గోడ మూల దాటించి పెడితే, తల బయట పెట్టకుండానే అటు ఏముందో తెరలో చూడొచ్చు. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. మొత్తం 7 కిలోల పైమాటే. అప్పటికే తుపాకి, గుళ్ళు, నీళ్ళు, కవచం మోస్తున్న మనిషి మీద ఇంకో 7 కిలోలు! తలకు మించిన భారం అంటారే, అచ్చంగా అదే. 15 ఏళ్ళు, సుమారు 50 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక 2007లో ఆ పథకాన్ని ఆపేశారు.

విచిత్రమేమిటంటే, ఆపేసిన ఏడాదే 9వ పదాతి రెజిమెంటులోని 4వ బెటాలియన్ దాన్ని ఇరాక్ తీసుకెళ్ళింది. అక్కడి సైనికులు పనికిరాని భాగాలను పీకి పక్కన పెట్టారు. అందరికీ ఇవ్వకుండా జట్టు నాయకులకే ఇచ్చారు. అప్పుడు దాని విలువ కనబడింది. మనవాళ్ళు ఎవరు ఎక్కడున్నారో తెరలో చుక్కలుగా కనబడేది, గాలించిన ఇళ్ళకు గుర్తు పెట్టుకునేవారు. ఇంజనీర్లు 15 ఏళ్ళు చేర్చుకుంటూ పోయినదాన్ని సైనికులు కొన్ని నెలల్లో తీసేస్తూ బాగుచేశారు.

దాని వారసుడైన "నెట్ వారియర్"కు రెండో ప్రపంచయుద్ధ వీరుడు రాబర్ట్ నెట్ పేరు పెట్టారు. ఇందులో చివరికి హెల్మెట్ తెరనే తీసేశారు. దాని బదులు ఛాతీ మీద ఒక స్మార్ట్‌ఫోన్! మన చేతుల్లో ఉండే రకం ఫోనే, సైన్యానికి తగ్గట్టు మార్చింది. కావాలంటే తెరిచి చూస్తారు, వద్దంటే మూసేస్తారు. కంటి ముందు ఎప్పుడూ వేలాడదు. తలకు పెట్టుకునే తెరల చరిత్రలో పెద్ద ఓటమి ఇదేనని నా అభిప్రాయం.

మన తెలుగువాడి దగ్గరకు వచ్చిన ఉత్తరం

ఓటమితో కథ ఆగలేదు. 2018 నవంబరులో అమెరికా సైన్యం మైక్రోసాఫ్ట్ కంపెనీకి 48 కోట్ల డాలర్ల పని అప్పగించింది. ఆ కంపెనీ తయారుచేసిన హోలోలెన్స్ కళ్ళద్దాలను సైనికులకు పనికొచ్చేలా మార్చాలి. 2021 మార్చిలో ఆ ఒప్పందం 10 ఏళ్ళకు 2,188 కోట్ల డాలర్ల దాకా పెరిగింది. లక్షా 20 వేలకు పైగా సెట్లు చేయాలని అంచనా.

2019 ఫిబ్రవరిలో ఆ కంపెనీ ఉద్యోగులు కొందరు తమ అధికారులకు బహిరంగ లేఖ రాశారు. మేము ఆయుధాలు చేయడానికి ఈ ఉద్యోగంలో చేరలేదని, ఈ పరికరం మనుషులను చంపడం తేలిక చేస్తుందని, యుద్ధాన్ని ఆటలా మారుస్తుందని, ఒప్పందం రద్దు చేయమని అడిగారు. ఆ ఉత్తరం అందుకున్నవారు సత్య నాదెళ్ళ. హైదరాబాదులో పుట్టి పెరిగిన మన తెలుగువాడు. ప్రజాస్వామ్యంలో జనం ఎన్నుకున్న సంస్థలకు, మన స్వేచ్ఛను కాపాడేవాళ్ళకు, సాంకేతికతను ఇవ్వకుండా ఆపబోమని ఆయన జవాబు. ఒప్పందం కొనసాగింది. మా క్లాసులో దీని మీద చర్చ పెడితే సగానికి సగం చీలిపోయాం. సైనికుడి ప్రాణం కాపాడే వస్తువు ఇవ్వనంటే ఎలా అని కొందరు, ఎదుటివాడి ప్రాణం సంగతేమిటని కొందరు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది.

2022లో జరిగిన పరీక్షల్లో మాత్రం ఉద్యోగులూ అధికారులూ కాక, మళ్ళీ మెడా కన్నూ మాట్లాడాయి. సైనికులకు తలనొప్పి, కళ్ళ మంట, కడుపులో తిప్పడం వచ్చాయి. అలా ఇబ్బంది పడినవాళ్ళలో 80 శాతానికి పైగా మందికి 3 గంటల లోపే మొదలైంది. కళ్ళద్దాల వెలుగు రాత్రిపూట చాలా దూరానికి కనబడుతోందని కూడా ఫిర్యాదు వచ్చింది. శత్రువును చూపించాల్సిన పరికరం, వేసుకున్నవాణ్ణే శత్రువుకు చూపిస్తే ఇంకేముంది! సైనికులు ఒప్పుకోని వస్తువు కొంటే 2,188 కోట్ల డాలర్ల దాకా వృథా కావచ్చని రక్షణశాఖ తనిఖీ అధికారులు 2022లోనే హెచ్చరించారు. తర్వాతి నమూనాలో బరువు సర్దారు, వద్దనుకున్నప్పుడు కళ్ళ మీదనుంచి పైకి ఎత్తే వీలు పెట్టారు. 2025లో ఈ పనిని ఆండురిల్ అనే కంపెనీ తీసుకుంది. దాన్ని స్థాపించినవాళ్ళలో పామర్ లకీ ఒకరు. ఆటల కోసం ఆక్యులస్ కళ్ళద్దాలు చేసినవాడు ఆయనే. సైన్యం డబ్బుతో పుట్టిన విద్య ఆటల్లోకి వెళ్ళి, ఆటలనుంచి మళ్ళీ సైన్యంలోకి వచ్చింది.

పోల్చి చూడటానికి ఇంకొకటి చెబుతాను. 2019 నుంచి అమెరికా పదాతి దళానికి కొత్త రాత్రి కళ్ళద్దాలు ఇస్తున్నారు. చీకట్లో చూపు, వేడిని బట్టి మనిషి ఆకారానికి అంచు గీత, తుపాకి గురి బొమ్మ, ఇవన్నీ ఒకచోట. ఇవి సైనికుల మధ్య నిలదొక్కుకున్నాయి. కారణం సులువే. రాత్రి కళ్ళద్దాలు ఎలాగూ పెట్టుకోవాలి. ఉన్న బరువులోనే కొత్త పని చేరింది.

మన దేశంలో

మా హొసూరుకు 40 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరులో తేజస్ యుద్ధవిమానం తయారవుతోంది. దానిలో పైలట్ ఎదుట ఉండే గాజు అద్దపు తెరను చండీగఢ్‌లోని ప్రభుత్వ పరిశోధన సంస్థ సి.ఎస్.ఐ.ఓ. రూపొందించింది. తలకు పెట్టుకునే గురి హెల్మెట్ మాత్రం ఇజ్రాయెల్‌ది. పదాతి సైనికుల కోసం మన సైన్యం తలపెట్టిన "ఎఫ్-ఇన్సాస్" పథకంలోని సామగ్రిని 2022 ఆగస్టులో రక్షణమంత్రి సైన్యానికి అందించారు. అందులో హెల్మెట్, రాత్రి చూపు పరికరం కూడా ఉన్నాయి.

తెలుగునేలకు కూడా ఈ కథలో చోటుంది. మచిలీపట్నంలో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ అని ఒకటి ఉండేది. శాస్త్ర పరికరాలు, అద్దాలు, కటకాలు చేసేది. 1983లో అది భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసింది. ఇప్పుడు అక్కడ మన సైన్యానికి రాత్రి చూపు పరికరాలు తయారవుతున్నాయి. కలంకారీకి పేరుపొందిన బందరు, సరిహద్దులో కాపలా కాసే జవానుకు చీకట్లో చూపునిస్తోందని మనలో ఎంతమందికి తెలుసు?

నాకు తోచినది

ఈ చరిత్రలో గెలిచినవి చూడండి. మిగ్-29 సాదా గుర్తు, అపాచీ చిన్న అద్దం, రాత్రి కళ్ళద్దాలు. ఒక్కోటి ఒక్క పనిని బాగా చేసింది, లేదా ఉన్న బరువుకు కొత్త బరువు చేర్చలేదు. ఓడినవి అన్నీ చేద్దామనుకున్నవి. కాబట్టి ఏ దేశమైనా, మనదైనా, ఇలాంటిది చేసేటప్పుడు ముందు జవాను మెడనూ కన్నునూ అడగాలి, ఆ తర్వాతే డబ్బు ఖర్చుపెట్టాలి.

రెండో సంగతి నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తోంది. బెల్ ప్రయోగంలో, తగలని బంతికి తల వంచిన మనిషిని గుర్తు తెచ్చుకోండి. కంటి ముందు తెర ఏది చూపిస్తే ఒళ్ళు దాన్ని నమ్ముతుంది. రేపు తెర మీద ఒక మనిషి చుట్టూ ఎర్ర గీత గీసి "శత్రువు" అని చూపిస్తే సైనికుడి వేలు కూడా అలాగే నమ్ముతుందేమో. వేడిని చూసే కెమెరా ఒక మనిషి ఉన్నాడని చెబుతుంది. అతను తుపాకి పట్టుకున్నవాడా, రాత్రి పొలానికి నీళ్ళు కట్టడానికి వెళ్తున్న రైతా అన్నది అది చెప్పదు. ఆ తేడా కనిపెట్టాల్సింది గాజు వెనక ఉన్న మామూలు కన్నే.

పైకి ఎత్తేయగల అద్దాన్ని సైనికులు అడిగి సాధించుకున్నారు. మెడ నొప్పి, తలనొప్పి వల్లే అడిగి ఉండొచ్చు. కానీ నా దృష్టిలో ఆ చిన్న మడతబందు ఈ పరికరాలన్నిటిలోకీ విలువైన భాగం. తుపాకి ఎత్తేముందు ఒక్కసారి దాన్ని పైకెత్తి, ఎదురుగా ఉన్నది ఎవరో తన కళ్ళతో చూసుకునే వీలు సైనికుడికి ఎప్పుడూ ఉండాలి.